పిడికెడు బియ్యం గంప

సంతోషమ్మకు ఎనభై మూడేళ్ళు. ఆమె ఈడువాళ్ళలో సగం మంది ఎప్పుడో సమాధుల దొడ్డికి చేరారు, మిగిలినవాళ్ళు మంచాలు పట్టారు. ఆమె మాత్రం ఈ రెండు దారులూ తనవి కానట్టు, ప్రతి శనివారం పొద్దున్నే తలమీద వెదురుగంప పెట్టుకుని నలభై ఇళ్ళు తిరిగేది.

కోడుమూరు పక్కనున్న ఆ పల్లెలో క్రైస్తవుల ఇళ్ళలో ఒక అలవాటుంది. ఎసట్లో పోయబోయే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి, దేవుని పేర వేరే కుండలో వేస్తుంది. వారానికొకసారి ఆ కుండల్లోని బియ్యాన్ని గంపలోకి వంచుకుని తమ గుడికి, అంటే చర్చికి, చేర్చాలి. అక్కడినుంచి అది లేనివాళ్ళ ఇళ్ళకు పోతుంది. భర్త పోయిన ఏడాది సంతోషమ్మ పొయ్యి ఆ బియ్యంతోనే వెలిగింది. తీసుకున్న చెయ్యి ఊరికే ఉండకూడదని మరుసటేడు గంప తానే ఎత్తుకుంది. నలభై నాలుగేళ్ళు దించలేదు.

గంపతోపాటు నలభై ఇళ్ళ కష్టసుఖాలూ మోసేది. బాలింతకు పథ్యం చెప్పేది, అలిగిన అత్తాకోడళ్ళను ఒకే అరుగుమీద కూర్చోబెట్టేది. వైద్య శిబిరానికి వచ్చిన డాక్టరు ఆమె మోకాళ్ళు నొక్కి చూసి, ఏం మందులు వాడుతున్నావని అడిగాడట. జొన్నరొట్టె, శనివారం అని చెప్పిందట. ఆయనకు సగమే అర్థమై ఉంటుంది.

ఇక కూతురు కృపారాణి సంగతి. కల్లూరులో కొత్త ఇల్లు, బళ్ళో టీచరుద్యోగం, రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్ళు. మొన్న వేసవిలో ఆమెతో పనిచేసే శ్రీవాణి ఏదో పెళ్ళికి ఆ పల్లెకు వెళ్ళివచ్చింది. నందికొట్కూరులో బట్టల షాపువాళ్ళ అమ్మాయి, ఈ అలవాటు ఎరగదు. స్టాఫ్ రూములో నలుగురి ముందూ జాలిగానే అడిగింది: "మీ అమ్మ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కుంటాందే, నీకు తెలుసునా?"

అది అడుక్కోవడం కాదని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నాన్న పోయిన ఏడాది తాను తిన్నది ఆ గంపలోని అన్నమేనని చెప్పడానికి ఇంకో నిమిషం. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్పిన నోరు ఆ మూడు నిమిషాలూ పెగల్లేదు. అమ్మ మొండిది, ఎంత చెప్పినా వినదు అని నవ్వేసింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆమెకు ఒళ్ళు కుంచించుకుపోయేది.

ఆ ఆదివారమే పల్లెకు వెళ్ళి, తల్లికి తెలియకుండా, ఊళ్ళో అయ్యగారని పిలిచే పాస్టరు జయపాల్‌ను కలిసింది. అమ్మ ఎక్కడైనా పడితే దిక్కెవరు, గంప ఎవరైనా పడుచువాళ్ళకిప్పించండి, నా పేరు మాత్రం రానీయకండి అంది. పాస్టరు కొత్తవాడు, కుర్రవాడు. టీచరమ్మ మాట కాదనలేకపోయాడు. మరుసటి శనివారం, సంతోషమ్మకు కారణం చెప్పకుండానే, గంప అదే ఊళ్ళోని లేవి అనే ఆయన కోడలు ఆరాధన చేతికి వెళ్ళింది.

కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు. కొండల మాటేమో గానీ, కూర్చోబెడితే మనుషులు కరుగుతారు. నాలుగు నెలలకు తమ్ముడు జోసెఫ్ ఫోన్ చేశాడు. అమ్మ మంచం దిగడం లేదు, రొట్టె తుంచి పక్కన పెడుతోంది అన్నాడు. తల్లి అతని దగ్గరే ఉంటుంది. కృపారాణి బలానికి పొడి డబ్బాలు రెండు కొనుక్కుని, షేర్ ఆటో ఎక్కి, బస్సు మారి, శనివారం పొద్దున పల్లెలో దిగింది.

దొడ్లోకి వెళ్ళడానికి తల్లి గోడ పట్టుకుని నడుస్తోంది. పాదాలు వాచాయి. కూతుర్ని చూసి ముఖం దాచుకోబోయింది. డబ్బా మూత తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, పక్కన కూర్చోమంది.

"నీకొక మాట చెప్పల్ల మే. లేవి కాలిరిగి పండుకున్యప్పుడు, వాళ్ళ పొయ్యి రెండు దినాలు అంటీలేదు. గుడికి పోకముందే గంపలోనుంచి శేరు బియ్యం వాళ్ళ కుండలో పోసినా. అయ్యగారికి చెప్పల్యా. ఎవురో చూసినారు. అందుకే తీసేసినారు నన్ను. దొంగ చేతికి దేవుని గంప ఎవురిస్తారు?"

కృపారాణి చేతిలో మూత చేతిలోనే ఉండిపోయింది. నాలుగు నెలలుగా ఈ ముసలామె చేయని నేరానికి తనను తాను ఉరితీసుకుంటోంది. చేసిన మనిషి కల్లూరులో ఫ్యాను కింద కూర్చుని, అమ్మకు వయసైపోయిందిలే అనుకుంటోంది. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉండిందో తలుచుకుంటే ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఎవురూ చూల్యా మా," అంది. "నేనే అయ్యగారికి చెప్పి తీపిచ్చినా. నువ్వు అడుక్కుంటాండావని బళ్ళో అన్నారు. నాకు నామోషీ అయినాది."

తల్లి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఈ దినం ఏ వారమని అడిగింది. శనివారమంటే, గంప తెమ్మంది.

ఆరాధన గంప ఇచ్చేసి, అవ్వ లేకుంటే ఇళ్ళలో ఎవరూ మాట్లాడటం లేదక్కా అంది. సంతోషమ్మ గంపను తలమీదికి ఎత్తబోయింది. ఖాళీ గంపే, అయినా సగంలోనే దిగిపోయింది. కృపారాణి దాన్ని అందుకుని తన తలమీద పెట్టుకుంది. రెండో చెయ్యి తల్లి చంకకిందికి ఇచ్చింది.

మొదటి ఇంట్లో, ఎందుకు మానుకున్నావవ్వా అని అడిగారు. కాళ్ళనొప్పులని, తానే వద్దన్నానని చెప్పింది సంతోషమ్మ. రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లోనూ అదే. శేరు బియ్యం సంగతి చెప్పనందుకే నాలుగు నెలలు కడుపు మాడ్చుకున్న మనిషి, కూతురి కోసం గడప గడపకూ అబద్ధమాడుతోంది. కృపారాణి తలమీద గంప బరువెక్కుతోంది. అందులో పడిన బియ్యం మాత్రం కొంచెమే.

నాలుగో ఇల్లు శాంతయ్యది. అరుగుమీద కూర్చున్న ఆయన, సంతోషమ్మ పాదాలకేసి చూసి, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా కృపారాణి అందుకుంది.

"మా అమ్మ మానల్యా మామా. నేను మాన్పిచ్చినా. నామోషీపడి, దొంగతనంగా మాన్పిచ్చినా."

శాంతయ్య అరుగుమీద పక్కకు జరిగి చోటిచ్చాడు. సంతోషమ్మ మెల్లగా ఆయన పక్కన అరుగుమీద చేరగిలబడింది.

"ఆ మాటకు నాలుగిండ్లు పట్టెనే నీకు," అంది. "నేనింగ నడ్సలేను. మిగిలినిండ్లు నువ్వు పో."

కృపారాణి ఒంటరిగా ఐదో ఇంటి ముందు ఆగింది. కుండ పట్టుకుని బయటికొచ్చిన ఇల్లాలు ఆమె వెనక వీధిలోకి తొంగిచూసి, అవ్వ రాలేదా టీచరమ్మా అని అడిగింది. కృపారాణి గంప కిందికి దించి, శ్రీవాణి మాట దగ్గరినుంచి చెప్పుకొచ్చింది.