పదిహేడు నొక్కులు

పగ పెట్టుకోవడం మంచిది కాదంటారు. అనేవాళ్ళంతా ఒంటికి దెబ్బ తగలనివాళ్ళు. నేను పదకొండేళ్ళు పెట్టుకున్నాను. ఒక్క పూట కూడా నిద్ర చెడలేదు, పైగా పొద్దున్నే లేవడానికి ఒక పనంటూ ఉండేది.

నేను సినిమాలకు ఎడిటర్ని. మా అక్క డైరెక్టరు, ఒకే ఒక్క సినిమాకి. ఆ సినిమా కథ చిన్నది. పదకొండేళ్ళ పిల్లని మారుతండ్రి కొడుతుంటాడు. చెబితే అమ్మకి కష్టమని ఆ పిల్ల ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని బడికి పోతుంటుంది. చివరికి ఒకరోజు చొక్కా చేతులు పైకి మడిచి దెబ్బలు టీచరుకి చూపిస్తుంది. అంతే. నెత్తురు లేదు, బూతు లేదు. ఆ వయసు పిల్లలు చూడాలని, ఇంట్లో జరిగేది బయట చెప్పొచ్చని వాళ్ళకి తెలియాలని అక్క తాపత్రయం. ఆ పిల్ల వేషం వేసింది మా అమ్మాయే. దానికీ అప్పుడు పదకొండే.

సెన్సారు బోర్డు వాళ్ళు చూసి ‘పెద్దలకు మాత్రమే’ అని ముద్ర కొట్టారు. ఇక బళ్ళలో వెయ్యడానికి వీల్లేదు. ఏ పిల్లల కోసం తీసిందో ఆ పిల్లలు తప్ప అందరూ చూడొచ్చన్నమాట! మొదటిరోజు హాలు గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన మా అమ్మాయిని ఆపేశాడు.

“ఆ పోస్టర్ మీద ఉన్నది నేనే అంకుల్” అంది అది.

ఆయన పోస్టర్ చూశాడు, దీన్ని చూశాడు. “నువ్వేలేమ్మా. కానీ నీకు పద్దెనిమిది లేవుగా?” అన్నాడు.

ఆయన తప్పేముంది? అదీ నేనూ బయట మెట్ల మీద కూర్చుని, తలుపు సందులోంచి వచ్చే దాని గొంతే విన్నాం. నాలుగు రోజులాడి సినిమా పోయింది. అక్క మళ్ళీ కెమెరా ముట్టుకోలేదు. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తోంది.

ముద్ర కొట్టించింది ఆనాటి కమిటీ పెద్దాయన. ఆయన ఒక్కడే పదిహేడు అభ్యంతరాలు చెప్పాడు. అభ్యంతరాలు పది దాటితే సినిమా దానంతటదే పెద్దల కేటగిరీలోకి పోవాలని రూలు రాసిందీ ఆయనే. ఆ పదిహేడూ నాకు కంఠతా వచ్చు. తల్లి పిల్లకి తల దువ్వే సీనుంది. అది ‘పిల్లల్లో అసహనాన్ని ప్రేరేపిస్తుంది’ అట. గొడుగు ఆరబెట్టే సీను ‘నిరాశాజనకం’. పిల్ల కిటికీలోంచి చూడటం ‘ఇల్లు విడిచి పారిపోయే ఆలోచనకు దారి’. ఏ బుర్రకైనా ఇవి తడతాయా అని ఎనిమిదేళ్ళు జుట్టు పీక్కున్నాను.

తర్వాత పట్టుబట్టి ఆ బోర్డులోనే చేరాను. ప్రతి కమిటీలో సినిమా పని తెలిసినవాళ్ళు ఒకరుండాలి, ఆ కుర్చీ నాది. బోర్డే వద్దనే మనిషిని కాను నేను. ఐదేళ్ళ పసివాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పీకలు కోసే సినిమా చూసే తండ్రులున్నారు. ఆ పసివాడు చొక్కాలో తల దూర్చుకుని వణుకుతుంటే వీళ్ళు చిప్స్ నములుతుంటారు. అలాంటివాళ్ళని ఆపడానికి ఎవరో ఒకరుండాలి. ఆ ఉండేవాడు ముందు సినిమా చూడాలి, అంతే కదా నేనడిగేది.

మా చూసే గదిలో ఐదు కుర్చీలు. ప్రతి కుర్చీకి కుడిచేతి చివర ఒక బటన్. ఏ సీనైనా బాగాలేదనిపిస్తే నొక్కాలి. వెనక ప్రొజెక్టర్ గదిలో ఆ కుర్చీ నంబరు లైటు వెలుగుతుంది. ఆపరేటర్ ఆ నిమిషం పుస్తకంలో రాస్తాడు. సినిమా అయ్యాక ఎవరి నొక్కులకి వాళ్ళు కారణం చెప్పాలి. నేను చేరిన మొదటివారంలోనే ముసలి ఆపరేటర్ క్యాంటీన్‌లో టీ ఊదుకుంటూ ఒక మాట నా చెవిన వేశాడు.

“మీ అక్కగారి సినిమా నాకు బాగా గుర్తమ్మా. ఆయన నిద్రపోయాడు.”

“ఎవరు?”

“పెద్దాయనే. పదో నిమిషం నుంచి గురక. చెయ్యి బటన్ మీదే పడుంది. తల వాలినప్పుడల్లా వేలు నొక్కుకునేది, వెనక గదిలో నాకు లైటు వెలిగేది. నేను రాసుకుంటూ పోయాను. ఆయన లేచి పుస్తకం చూసుకుని, నిద్రపోయానని ఎలా చెప్తాడు? కూర్చుని ఒక్కోదానికీ ఒక్కో కారణం అల్లాడు.”

నా చేతిలో టీ చల్లారిపోయింది. తల దువ్వడం, గొడుగు, కిటికీ! ఓరి దేవుడా, మా అక్క బతుకు తెల్లారిపోయింది ఒక ముసలాయన కునుకుపాటుకా!

పాత ముద్ర మార్చాలంటే ఆనాటి కమిటీ మనిషి ఒకరు, చూడటంలో పొరపాటు జరిగిందని చేత్తో రాసివ్వాలి. మిగతావాళ్ళలో ఇద్దరు పోయారు, ఇద్దరు గుర్తులేదన్నారు. ఆపరేటర్ మాట చెల్లదు, అతను కమిటీ కాదు. సరేనని పెద్దాయన ఇంటికే వెళ్ళాను. అప్పటికే రిటైరై మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

“నేనా? నిద్రా?” అన్నాడు. “ముప్పై ఏళ్ళ సర్వీసులో రెప్ప వాల్చలేదమ్మా నేను. వెళ్ళిరా.” నిమ్మకు నీరెత్తినట్టు మళ్ళీ పైపు పట్టుకున్నాడు.

వెళ్ళాను. రావడం ఆయన వంతని మనసులో అనుకున్నాను.

మూడేళ్ళకి వచ్చాడు. రిటైరయ్యాక తోచక ఆయనే ఒక పిల్లల సినిమా తీశాడు. అందులో ముఖ్యపాత్ర సొంత మనవరాలు. చూడబోయే ఐదుగురిలో నా పేరుంది. కాగితం అందిన రోజు ఇంట్లో పాటలు పాడాను. మా అమ్మాయి, ఇప్పుడు ఇరవై రెండేళ్ళది, “ఏంటమ్మా, లాటరీ తగిలిందా?” అంది. “అంతకంటే పెద్దదే” అన్నాను.

ఆ ఉదయం వరండా బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు జడల పిల్ల, కాళ్ళు ఊపుకుంటూ. నన్ను చూడగానే ఆయన ముఖం మాడిపోయింది. తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు.

“ఆంటీ, ఏడ్చే సీనులో నేను గ్లిజరిన్ పెట్టుకోలేదు. నిజంగానే ఏడ్చాను” అంది ఆ పిల్ల.

“అలాగా” అని లోపలికి వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. లైట్లు ఆరాయి.

పదిహేడు నొక్కాలి. ఒకటి ఎక్కువ కాకూడదు, ఒకటి తగ్గకూడదు. పదో నిమిషానికి మొదలుపెట్టాను. ఒకటి మా అక్క కెమెరాకి, ఒకటి మెట్ల మీద కూర్చున్న మా అమ్మాయికి, ఒకటి ఆ గొడుగుకి. నొక్కినప్పుడల్లా గుండెల్లో చల్లగా ఉంది. వెనక లైటు వెలుగుతోందని తెలుసు. లెక్క తప్పుతానేమోనని వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నాను. లైట్లు వేసేసరికి సరిగ్గా పదిహేడు.

ఈసారి కమిటీకి పెద్ద ఒక లాయరమ్మ. ఆవిడ పుస్తకం చూసి నోరు తెరిచింది. “పదిహేడా? అన్నీ మీవేనా? ఇరవై మూడో నిమిషంలో వాన తప్ప ఏమీ లేదు కదండీ.”

“ఆ వాన నిరాశాజనకం” అన్నాను.

“ముప్పై ఒకటి? ఆ పిల్ల గేటు తీసి బయటికొస్తుంది, అంతే.”

“ఇల్లు విడిచి పారిపోయే ఆలోచనకు దారి.”

ఆవిడ పెన్ను కింద పెట్టింది. “మీ ఇష్టం. పది దాటాయి కాబట్టి పెద్దల కేటగిరీ. మీరు వెనక్కి తీసుకుంటే తప్ప ఇంకెవరూ ఏం చెయ్యలేరు. భోజనాలయ్యాక సంతకాలు పెడదాం” అంది.

నేను నేరుగా వరండాలోకి నడిచాను. తెల్లకాగితం, పెన్ను బెంచీ మీద పెట్టాను.

“పదిహేడు అభ్యంతరాలు సార్. మీ రూలే. మీ మనవరాల్ని గేటు దగ్గర ఆపేస్తారు. మా అమ్మాయిని ఆపినట్టే.”

ఆయన పెదవులు కదిలాయి. “దాన్లో ఏముందమ్మా అభ్యంతరానికి? అది పసిపిల్లల సినిమా. పిల్లలు చూడకపోతే దానికి అర్థమేముంది?”

ఈ మాటే మా అక్క ఇదే వరండాలో ఇదే మనిషితో చేతులు జోడించి చెప్పింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వే బయటికి రానిచ్చాను.

“ఆ రోజు నిద్రపోయానని రాయండి. నేను వెనక్కి తీసుకుంటాను.”

“బెదిరిస్తున్నావా?”

“అవును సార్. ఇంకేమనుకున్నారు?”

మింగలేక కక్కలేక ఆయన మనవరాలి వైపు ఒకసారి చూశాడు. తర్వాత పెన్ను తీసుకున్నాడు. రెండు వాక్యాలు రాయడానికి పది నిమిషాలు పట్టింది. మనవరాలు ఆయన భుజం మీంచి వంగి, కూడబలుక్కుంటూ పైకే చదివింది. “‘సినిమా చూస్తుండగా నేను నిద్రపోయాను. నా అభ్యంతరాలు చూసి చెప్పినవి కావు.’ తాతయ్యా, చూడకుండానే బాలేదన్నావా?”

ఆయన కాగితం నా చేతిలో పెట్టాడు. పిల్ల బెంచీ మీద కొంచెం దూరం జరిగి కూర్చుంది.

అబ్బ, ఏం తృప్తి! దాచుకోను. ఆ జానెడు ఎడం చూడటానికే నేను పదకొండేళ్ళు బతికాననిపించింది. లోపలికెళ్ళి పదిహేడూ వెనక్కి తీసుకున్నాను. లాయరమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ‘అందరూ చూడవచ్చు’ అని ముద్ర కొట్టింది. నేను బయటికొస్తుంటే ఆ పిల్ల ఎదురొచ్చింది.

“ఆంటీ, నా ఏడుపు సీను బాగుందా?”

“చాలా బాగుందమ్మా” అన్నాను.

సాయంత్రం అక్క దుకాణం నుంచి వచ్చేసరికి ఆయన రాసిచ్చిన కాగితం భోజనాల బల్ల మధ్యలో పెట్టి, గ్లాసు బరువు పెట్టి, రాణిలా కూర్చున్నాను. అక్క నిలబడే చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. మా అమ్మాయి అక్క భుజం పట్టుకుని ఏడ్చేసింది.

“ఇక బళ్ళలో వెయ్యొచ్చు పెద్దమ్మా!”

“వెయ్యొచ్చే” అంది అక్క. కుర్చీలో కూలబడి, ఎలా సాధించావని నన్నడిగింది. ఆ పిల్ల గ్లిజరిన్ మాట, వేళ్ళు మడుచుకోవడం, వాన, లాయరమ్మ ముఖం, అన్నీ అభినయించి మరీ చెప్పాను. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

“అమ్మా, ఇంతకీ ఆ పిల్ల ఎలా చేసింది?”

“బాగానే చేసింది.”

“ఏడ్చే సీనుందన్నావుగా. ఎందుకేడుస్తుంది?”

నోరు తెరిచాను. వాన సంగతి గుర్తుంది. అది లాయరమ్మ చెప్పింది. గేటు గుర్తుంది, అదీ ఆవిడ చెప్పిందే. రెండు జడలు వరండాలో చూశాను. తెర మీద ఆ పిల్ల ముఖం ఎంత వెతికినా తట్టలేదు.

“అదే... ఇంట్లో ఏదో...” అని నీళ్ళు నమిలాను.

మా అమ్మాయి నవ్వు మాయమైంది. ఆ ముఖం నాకు తెలుసు, మెట్ల మీద కూర్చున్న రోజు చూసిందే.

“చూడలేదా?” అంది అక్క.

“ఎదురుగానే ఉన్నానే! కళ్ళు తెరుచుకునే ఉన్నాను!” గొంతు లేచింది నాకు. “ఎవరి కోసం చేశాననుకున్నావు ఇదంతా?”

“నా కోసమే. కాదన్నానా?” అక్క గ్లాసు పక్కకి జరిపి కాగితం నా ముందుకి తోసింది. ఆయన రాసిన రెండు వాక్యాలూ పైనే ఉన్నాయి. కింద సగం ఖాళీగా ఉంది. “చూడకుండా నొక్కావు. చూడకుండానే వదిలేశావు. కింద చోటుంది, నువ్వూ రాయి.”

ఒళ్ళు మండిపోయింది. చెల్లెలు పదకొండేళ్ళు కష్టపడితే ఇదా మెప్పు? తిట్టడానికి తలెత్తాను. అక్క కోపంగా లేదు. దుకాణంలో అద్దం బిగించి, ఇప్పుడు కనిపిస్తోందా అని అడిగేటప్పుడు చూసినట్టు చూస్తోంది. మా అమ్మాయి తన బ్యాగులోంచి పెన్ను తీసి, మూత తీసి, నా చేతికిచ్చింది.