మునగని మోకాలు

మా అల్లుడు జైపాల్‌ను బాప్తిస్మానికి ఒప్పించనీకి నేను ఖర్చు పెట్టిన మాటలన్నీ పోగేస్తే అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా రోడ్డు ఎయ్యొచ్చు. అన్ని మాటలు బండరాయికి చెప్తే అది ఎప్పుడో కరిగి పారేది. అల్లుడు కరగలే. చివరికి ఈ ఎండాకాలంల ఒకనాడు, మామా, వచ్చే ఆదివారం నీళ్లల్ల దిగుత, ఆ రోజు తప్పిందంటే జన్మల మళ్ల అడగొద్దు అన్నడు. నేను ఒప్పుకున్న.

మా ప్రార్థన మందిరం అశోక్‌నగర్‌ల ఒక సందుల ఉంటది. మా దగ్గర మనిషి నిండా మునిగితేనే బాప్తిస్మం, తలమీద చిలకరిస్తే లెక్కకు రాదు. మందిరంల తొట్టి ఉంది గాని బోరు ఎండిపోయింది. అందుకని శనివారం పొద్దున ట్యాంకర్ తెప్పించిన. చిక్కడపల్లి మార్కెట్ కాడ కూరగాయల బండ్లు అడ్డం పడితే నేనే ముందు నడిచి దారి చేయించిన. తొట్టిల రొమ్ముల లోతు నీళ్లు నిలిచినయ్. ఆకాశం కిందికి వంగి అండ్ల మొహం చూసుకుందంటే మీరు నమ్మరు.

ఆదివారం పొద్దున పోయి చూస్తే మోకాలి లోతు కూడ లేవు.

తొట్టి పగిలిందేమోనని చుట్టూ తడిమి చూసిన. పగల్లే. మందిరం ఊడ్చేది నా పెండ్లాం మాసమ్మ, తాళంచెవి ఆమె కొంగుకే ఉంటది. అడిగితే దాచకుండ చెప్పింది. వెనక బస్తీల మా పాలమూరు దిక్కు కూలోళ్లుంటరు. రోడ్డు తవ్వెటోళ్లు పైపు పగలగొట్టిండ్రు, నల్లా రాక బస్తీ అంత పరేషాన్. శనివారం సాయంత్రం కురుమమ్మ అనే ఆమె వచ్చి చంటిపిల్లకు స్నానం పోయనీకి ఒక్క బిందె అడిగిందట. ఈమె గేటు తీసింది. ఆ బిందె ఎనక బస్తీలున్న బిందెలన్నీ నడిచొచ్చినయ్.

"అవి దేవుని పనికి తెచ్చిన నీళ్లు" అన్న పండ్లు కొరుక్కుంట.

"అందుకే ఇచ్చిన" అని చీపురు అందుకుంది.

ఈ మనిషితోని ఎట్ల ఏగాలె? సంఘంల లేచి ఒక్కనాడు సాక్ష్యం చెప్పలే. నేను లేస్తే పాస్టరుగారు గడియారం దిక్కు చూస్తరు, అంత ఉంటది నా దగ్గర. ఫోన్ల మీద ఫోన్లు చేసిన. ఏ ట్యాంకరోడూ ఇయ్యాల కుదరదనే అన్నడు.

ఇంతల జైపాల్ తెల్లబట్టలల్ల దిగిండు, ఎనక మా బిడ్డ స్వర్ణ. తొట్టిలకు తొంగి చూసి, నీళ్లేవి మామా అన్నడు. ఎండకు ఇగిరినయ్ అన్న. మా ఊరి వాగుల ఒక ఏడు ఎండకు తాళలేక చేపలు కాలినడకన కృష్ణకు పోయినయ్, ఇదెంత అని కూడ చెప్పిన. అల్లుడు సగం నమ్ముతుండంగనే కురుమమ్మ వచ్చింది, చంకల పౌడరు పూసిన పిల్లను ఏసుకొని. ఆ నీళ్లతోని స్నానం పోస్తే పిల్ల రాత్రి సల్లగ పండుకుందని మాసమ్మకు చెప్పనీకి వచ్చిందట. నా చేపలన్నీ అక్కడే చచ్చినయ్.

జైపాల్ పిల్లను చూసిండు, మాసమ్మను చూసిండు, చెప్పులు ఇడిచిండు. పాస్టరుగారు ఇంకో వారం పెట్టుకుందాం అంటే ఇనలే.

"ఈ మామ నోరు మూయించనీకే ఒప్పుకున్నగాని పాస్టరుగారూ, మామ చెప్పే దేవునితోని నాకు పెద్ద పనిలే. అత్తమ్మ దేవుడు నాక్కావాలె. ఈ ఉన్న నీళ్లల్లనే ముంచుండ్రి."

ఇద్దరూ ఒక్కడేరా అని మొత్తుకున్న. ఎవ్వరూ ఇనలే.

అల్లుడు ఆరడుగుల మనిషి, పొట్ట కూడ ఉంది. ఆ నీళ్లల్ల ఎల్లకిల పండుకున్నడు. తల ముంచితే పొట్ట లేచింది. పొట్ట ఒత్తితే కాళ్లు లేచినయ్. పాస్టరుగారు ఒక చేత్తోని తల, ఒక చేత్తోని పొట్ట పట్టుకొని, బయటి నుంచి స్వర్ణ కాళ్లు ఒత్తితే, మనిషి మునిగిండు. కాని ఎడమ మోకాలు మునగలే. నా రెండు కండ్లతోని చూసిన. అయింది, ఆమేన్ అన్నరు అందరు. ఎట్లయితది, మోకాలు పొడిగనే ఉంది అన్న నేను.

మాసమ్మ ముందుకొచ్చి తొట్టిలకెల్లి చెంబుతోని నీళ్లు తీసి అల్లుని మోకాలి మీద పోసింది. అదే తొట్టిల బకెట్ ముంచుకొని గేటు దిక్కు నడిచింది. బట్టలు పిండుకోనీకైన చాలని అక్కడ ఇంకెవరో బిందె పట్టుకొని నిలబడ్డరు.

తడిబట్టల మీదనే జైపాల్ ఉరికి ఆమె చేతిలకెల్లి బకెట్ అందుకున్నడు. నేను మోకాలి సంగతి చెప్పుకుంట ఆయన ఎనక గేటు దాకా పోయిన. నా చేతిల ఇంకో బకెట్ పెట్టి, జర జరుగు మామా అన్నడు.