మంచినీళ్ల దీవి

ఆ పటాల దుకాణంలో చెక్కుడు పనివాణ్ణి అందరూ మూగాయన అనేవారు. నోరు లేక కాదు. రాగి రేకు మీద పటం చెక్కేటప్పుడు, కాగితం మీద అచ్చు సరిగ్గా పడాలంటే అంతా తిరగేసి చెక్కాలి. తూర్పు తీరం పడమటికి, పడమటి తీరం తూర్పుకి, అక్షరాలు కుడి నుంచి ఎడమకి. మధ్యలో ఎవరైనా వచ్చి "భోంచేశావా?" అన్నారంటే చాలు, బుర్ర తలకిందులై నది కాస్తా కొండెక్కి కూర్చుంటుంది. అందుకని ఉలి చేతిలో ఉన్నంతసేపూ పిలిచినా పలికేవాడు కాదు.

ఇసుక నింపిన తోలు దిండు మీద రేకు పెట్టుకుని, చెయ్యి కదపకుండా రేకునే తిప్పుకుంటూ చెక్కేవాడు. ఓడరేవు మొత్తంలో అంత సన్నటి గీత ఇంకొకడి చేతిలో లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటే పైకి తల అడ్డంగా ఊపేవాడు గానీ, లోపల పొంగిపోయేవాడు.

ఆ వీధిలో ఇంకో బాధ ఉండేది. ఒకరు ఏళ్లతరబడి కళ్లు పోగొట్టుకుని పటం చేస్తే, పక్క దుకాణంవాడు ఒక ప్రతి కొనుక్కుపోయి మక్కీకి మక్కీ దింపేసి, కింద తన పేరు వేసుకుని అమ్మేవాడు. అడిగితే "మేమూ అదే సముద్రం కొలిచాం, అవే తీరాలొచ్చాయి" అని బుకాయించేవాడు. అందుకని ప్రతి దుకాణమూ తన పటంలో ఎక్కడో ఒకచోట ఒక అబద్ధం పెట్టేది, ఓడలు తిరగని మూల. అది పక్కవాడి పటంలో కనపడిందా, దొంగ దొరికినట్టే. ఆ అబద్ధం ఏమిటో యజమానికీ చెక్కినవాడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

పెద్ద సముద్రపటం తయారవుతున్నప్పుడు యజమాని వచ్చి, "దక్షిణం మూల ఖాళీగా ఉందిగా, ఒక దీవి పడెయ్యవయ్యా" అన్నాడు.

"ఏ ఆకారంలో?"

"నీ ఇష్టం. లేని దీవికి ఆకారం అడిగేవాడెవడు!"

మూగాయన తింటూ తింటూ పక్కన పెట్టిన రొట్టెముక్క తీసి రేకు మీద పెట్టి, చుట్టూ సూదితో గీత లాగాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే అంతటి పనివాడు ఎందుకవుతాడు? ఉత్త దీవిని దొంగ పట్టించుకోకుండా వదిలేస్తాడని, ఓ పక్క లంగరు గుర్తు వేశాడు. దాని పక్కన చీమతలకాయంత అక్షరాలతో 'మంచినీళ్లు' అని చెక్కాడు. యజమాని భూతద్దం పెట్టి చూసి, "అబ్బ, చూస్తుంటేనే దాహం వేస్తోందయ్యా!" అన్నాడు. మూగాయన ఆ పూటంతా ఆ మాటే తలుచుకుని మురిసిపోయాడు.

అతనికి ఒక తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక ఎత్తుకు పెంచింది ఈ అన్నే. తమ్ముడు ఓడ మీద దారిలెక్క చూసే పనిలో ఉన్నాడు. ఎక్కడున్నాం, ఎటు పోవాలి అన్నది కెప్టెన్ అడిగితే చెప్పాల్సినవాడు. అన్నకి ఉన్న మౌనానికి బదులు మొత్తం మాటలన్నీ ఇతనికే వచ్చాయి. నోట్లో నువ్వుగింజ నానదు.

ఓడ కదిలే ముందు ఒకరోజు, అప్పుడే కొన్న పటం చుట్ట భుజాన వేసుకుని అన్న దగ్గర దిగాడు. "చూశావా అన్నయ్యా! కెప్టెన్ వేరే దుకాణం పటం కొంటానన్నాడు. చస్తే ఒప్పుకోనన్నాను. మా అన్నయ్య చెయ్యి పడని కాగితం నమ్మి నేను ఓడ నడపనని మొహం మీదే చెప్పేశా."

మూగాయన పటం విప్పాడు. కళ్లు నేరుగా దక్షిణం మూలకి పోయాయి.

"ఇంతకీ ఎటు పోతున్నారు?"

"ఉత్తరానికేలే. ఉన్ని దింపేసి వచ్చెయ్యడమే. నా గురించి బెంగ పెట్టుకోకు, నీ మరదలి గురించి పెట్టుకో. నేను లేకపోతే దానికి పోట్లాడ్డానికి మనిషి దొరకడు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేద్దామా? చెబితే వీడు పొద్దు గుంకేలోపు ఓడరేవంతా టాంటాం చేసేస్తాడు. యజమాని ఉద్యోగం ఊడబెరుకుతాడు. పోయేది ఉత్తరానికి, దీవి ఉన్నది దక్షిణాన. ఆ మాత్రానికి చెప్పడమెందుకని మూగాయన నీళ్లు నమిలి, "చలికి జాగ్రత్తరా" అని ఊరుకున్నాడు.

కొన్నాళ్లకి వేరే ఓడవాళ్లు కబురు తెచ్చారు. ఉన్ని దింపాక కెప్టెన్‌కి మంచి బేరం తగిలిందట. కొయ్య వేసుకుని దక్షిణానికి తిప్పాడట. ఆ మాట విన్న మూగాయన చేతిలో ఉలి అక్కడే వదిలేశాడు. పరుగు పరుగున యజమాని గదిలోకి పోయాడు.

"అయ్యా, ఆ దీవి లేదని చాటింపు వేయించండి. వెళ్లే ఓడలన్నిటికీ చెప్పిద్దాం. ఏదో ఒకటి మావాడికి ఎదురవుతుంది."

"మతి ఉందా నీకు? ఒక్క దీవి అబద్ధమని ఒప్పుకుంటే పటమంతా అబద్ధమే అంటారు. రేపు మన గుమ్మం ఎవడు తొక్కుతాడు?"

"నా తమ్ముడున్నాడయ్యా అందులో!"

"సముద్రం నీ పెరడనుకున్నావా? అంత సముద్రంలో పోయి పోయి ఆ మూలకే ఎందుకు పోతాడు? నీదంతా పిరికితనం" అని తేల్చేశాడు యజమాని. గోడకి చెప్పుకున్నా నయం.

మూగాయన ఆ రోజే రేకు బల్ల మీద పెట్టాడు. గీరుడు కత్తితో దీవిని గీరాడు. రేకు తిరగేసి, వెనక సరిగ్గా అదే చోటు కొలుచుకుని, చిన్న సుత్తితో కొట్టి గుంట పడిన రాగిని పైకి తెచ్చాడు. నున్నటి ఉక్కు కడ్డీతో రుద్దాడు. లంగరు పోయింది, అక్షరాలు పోయాయి, రొట్టెముక్క పోయింది. యజమాని చూసి ఇంతెత్తున లేచాడు గానీ, అలాంటి చెయ్యి ఇంకొకటి దొరకదు గనక పళ్లు నూరుకుని ఊరుకున్నాడు. కానీ ఏం లాభం? రేకు మీద చెరిపితే అమ్ముడైపోయిన కాగితాల మీద చెరుగుతుందా?

ఓడ తిరిగొచ్చింది. తమ్ముడు రాలేదు.

వార్త చెప్పడానికి ఆ ఓడలో నావికుల పెద్ద, పిల్లికళ్లు అనే సరంగు, తమ్ముడి ఇంటికి వచ్చాడు. మరదలు గడప దగ్గర నిలబడి ఉంది. మూగాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పిల్లికళ్లు ఓడలో మిగిలిన పటం చుట్ట మరదలి చేతికిచ్చి, తల దించుకునే మొదలుపెట్టాడు.

"మంచినీళ్ల పీపాలు కారిపోయాయమ్మా. చూసుకునేసరికి అడుగున బురదే మిగిలింది. కెప్టెన్ వెనక్కి తిప్పుదామన్నాడు. మీ ఆయనే వద్దన్నాడు. పటం పరిచి, ఇదిగో ముందు దీవి ఉంది, మంచినీళ్లున్నాయి, మా అన్నయ్య చెక్కాడు అన్నాడు. ఎవడో రాసిన రాతేమో అని కెప్టెన్ నసిగితే కొట్టినంత పని చేశాడు. సరేనని పోయాం. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేదు, అవీ ఉప్పునీళ్లు. చుట్టూ తిరిగాం. దాహానికి ఇద్దరు ప్రాణాలు వదిలారు. అయినా మీ ఆయన, అన్నయ్య తప్పడు, నా లెక్కే తప్పింది, దీవి ఇక్కడే ఎక్కడో ఉందన్నాడు. చిన్న పడవ దింపించుకుని నలుగుర్ని తీసుకుని వెతకడానికి పోయాడు. ఆ రాత్రి గాలివాన. ఆ వానతోనే మేం బతికాం. పడవ మాత్రం మళ్లీ కనపడలేదు."

 తమ్ముడు ఆఖరిసారి ఎటు చూసి ఉంటాడో, ఏం అనుకుని ఉంటాడో అని మూగాయన తలుచుకున్నాడు. 

మరదలు ఏడవలేదు. గబగబా పటం విప్పి నేల మీద పరిచింది. వేలు పెట్టి వెతికి దీవి పట్టుకుంది. ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"గాలివానకి ఒడ్డుకి కొట్టుకుపోయి ఉంటారు. నీళ్లున్నాయి కదా, ఏం పర్వాలేదు. బావగారూ, చెట్లు కూడా ఉంటాయా?"

చెట్ల సంగతి అడిగేసరికి అతనికి కన్నీళ్లు ఆగలేదు. "అమ్మా" అన్నాడు.  మళ్లీ అన్నాడు. "అమ్మా, ఆ దీవి లేదు. దొంగల్ని పట్టుకోవడానికి నేనే పెట్టాను. రొట్టెముక్క చుట్టూ గీత గీశాను. వాడికి చెప్పలేదు. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నానమ్మా."

ఆమె అర్థం కానట్టు చూసింది. నమ్మదని తెలిసి మూగాయన దుకాణానికి పరిగెత్తి, కొత్తగా అచ్చు వేసిన పటం ఒకటి తెచ్చి పాతదాని పక్కన పరిచాడు. దక్షిణం మూల ఖాళీ తెల్లకాగితం. "చూడమ్మా. ఏమీ లేదక్కడ."

మరదలు రెండు పటాలూ మార్చి మార్చి చూసింది. ఖాళీ చోట అరచేత్తో తడిమింది. తర్వాత తలెత్తి, తప్పు చేసిన పిల్లాణ్ణి బుజ్జగించే గొంతుతో అంది:

"మీరు చెరిపేశారు కాబట్టి లేదు బావగారూ. మళ్లీ చెక్కండి. పాపం, ఆయన అక్కడే ఉన్నారు."