మెత్తటి వాన కురిసే కొండ

వాన ధాటికి ఏ కొండ మీద మట్టి ఎంత కొట్టుకుపోతుందో లెక్కగట్టి మ్యాపు గీయడం నా ఉద్యోగం. ప్రమాదముంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. ఈసారి కొండలన్నీ ఎర్రగా వచ్చాయి. మా బావ ఇళ్ల స్థలాలు అమ్ముతున్న కొండ మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది.

మొత్తం వాన చుట్టుపక్కల కొండలతో సమానమే. కానీ అక్కడ వాన కొలిచే మీటరు ప్రకారం ప్రతి వానా గంటల తరబడి మెత్తగా, బుద్ధిగా కురిసింది. కింద వాగులో చూస్తే చిక్కటి బురద.

ఒళ్లు మండి, నేనే కొండెక్కి మీటరు మూత విప్పాను. గరాటు గొంతులో గిన్నెలు తోమే స్పాంజి, కత్తెరతో గుండ్రంగా కోసి కుక్కి ఉంది. కుండపోత వాన కూడా దానిలోంచి చుక్కచుక్కగానే దిగుతుంది. మొత్తం మారదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

మట్టిని కోసేది వాన ఎంత కురిసిందన్నది కాదు, ఎంత ఉధృతంగా కురిసిందన్నది. ఆ సంగతి నన్ను గుచ్చిగుచ్చి అడిగి తెలుసుకున్నది ఒక్క బావే.

సాయంత్రం అక్కవాళ్లింట్లో భోజనాల దగ్గర స్పాంజిని బావ కంచం పక్కన పెట్టాను.

"పిట్టలు పెట్టుంటాయి," అన్నాడు తలెత్తకుండా.

"మీ పిట్టలు కత్తెర కూడా పడతాయా బావా?"

"నీకు అన్నీ అనుమానాలే మరదలా. అంత ప్రమాదమైతే కొండ వారన మొదటి స్థలం మీ అమ్మ పేరున ఎందుకు రాయిస్తాను?"

అక్క మురిసిపోయింది.

"మరి మీరెక్కడ కడుతున్నారు ఇల్లు?"

ముద్ద బావ నోటి దాకా వెళ్లి ఆగింది.

"ఊళ్లోనే. నాకు కొండగాలి పడదు."