అరటి పసరు చేపలు

శుక్రవారం బడి వదిలే వేళకి టీచర్ సత్యకుమారి గారు నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆవిడ చేతిలో నాలుగు కాగితాలు. నాలుగూ తెల్లగానే ఉన్నాయి. మూలన మాత్రం ఆవిడే రాసిన పేరు: హారతి, యూకేజీ.

"పాప చేరి మూడు నెలలైందండీ. నోరు విప్పదు. క్రేయాన్ ఇస్తే పట్టుకుని కూర్చుంటుంది. ఏం చూసి మార్కులెయ్యమంటారు? ఇంకో ఏడాది ఇదే క్లాసులో ఉంచేద్దామంటున్నారు మా హెడ్‌మిస్ట్రెస్ గారు."

"ఇంటి దగ్గర బాగానే మాట్లాడుద్దండీ."

"ఇంటి దగ్గర మాట్లాడితే నాకెలా తెలుస్తుందమ్మా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది. ఒక పెద్ద తెల్ల చార్టు చుట్టి నా చేతిలో పెట్టారు. "సోమవారానికి ఏదో ఒక బొమ్మ. పాపే వెయ్యాలి. మీరు వేసిస్తే నేను కనిపెట్టేస్తాను."

ఎనిమిదో క్లాసు సగంలో నా చదువు ఆగిపోయింది. అమ్మకి జబ్బు చేస్తే వంట నా మీద పడింది, అంతే, మళ్ళీ బడి మొహం చూడలేదు. నా మొద్దుతనమే దీనికీ వచ్చిందా అన్న ఆలోచన దారంతా నన్ను వదల్లేదు. మాది భీమవరం. అక్కడి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన గణేష్‌బాబు, మామగారు పోయాక అరటితోట చూసుకోవడానికి మమ్మల్ని రావులపాలెం పక్కనున్న ఈ ఊరికి తీసుకొచ్చేశారు. పిల్లకి ఊరు కొత్త, బడి కొత్త. నాకూ అరటి కొత్తే.

శనివారమంతా క్రేయాన్లతో కుస్తీ. పలక మీద నేనొక మామిడికాయ వేసి, చూసి వెయ్యమన్నాను. హారతి దానివంక చూడనైనా లేదు. బతిమాలాను, చాక్లెట్ ఆశ చూపాను, చివరికి వీపు మీద ఒకటి వేశాను కూడా. ఏడ్చింది గానీ గీత గియ్యలేదు.

ఆదివారం తోటకి క్యారేజీ పట్టుకెళ్తూ చార్టు కూడా చంకలో పెట్టుకున్నాను. వదిలేదాన్ని కాదు. తోటలో మా అత్తగారు అచ్చాయమ్మ గారు కత్తితో ముసలి ఆకుల్ని మట్టలతో సహా నరికి ముక్కలు చేస్తున్నారు. చార్టు నీడలో పరిచి, నాలుగు మూలలా మట్టిబెడ్డలు పెట్టి, హారతిని కూర్చోబెట్టి, మా ఆయనకి అన్నం పెట్టడానికి గెలలు దింపుతున్న చోటికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి హారతి క్రేయాన్ల డబ్బా మూత కూడా తియ్యలేదు. మా అత్తగారు నరికి పడేసిన మట్ట ముక్కల్ని చుట్టూ పోగేసుకుని, కోసిన వైపుని ఒక్కొక్కటే చార్టు మీద అద్దుతోంది. నాలిక పంటి కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. అంత శ్రద్ధగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ క్షణాన నాకు కనిపించింది తడిసిపోయిన చార్టే.

"నీళ్ళపాలు చేసేశావు కదే!" అని లాక్కున్నాను.

"ఏవే వెంకటదుర్గా, ఏంటా కేకలు? గెల మీద పడిందేమో అనుకున్నాను," అంటూ వచ్చారు మా అత్తగారు.

"చార్టు పాడు చేసేసిందత్తయ్యా. రేపు టీచర్ గారికి ఏం చూపించను?"

ఆవిడ తడి వంక చూశారు, మనవరాలి వంక చూశారు, నవ్వారు. "మీ నాన్న చేపల చెరువనుకున్నావా అమ్మాయ్, వల లాగితే చేప కనపడ్డానికి? అరటి దగ్గర కాస్త ఆగాలి. ఆరబెట్టి పొద్దున్న చూసుకో."

నన్ను ఓదారుస్తున్నారనుకున్నాను. ఎండలో పెడితే తడి ఆరింది. అక్కడక్కడా లేత పసుపు నీడ, అంతే. ఆ తెల్ల కాగితాన్నే చుట్టి ఇంటికి తెచ్చాను.

సోమవారం పొద్దున్న చార్టు విప్పి నేల మీద కూలబడ్డాను.

కాగితం నిండా చేపలు. కాఫీ రంగులో కొన్ని, ఇంకా ముదురుగా కొన్ని. అరటి మట్ట కోస్తే నెలవంకలా ఉంటుంది, లోపలంతా గళ్ళు గళ్ళు. రెండు నెలవంకల్ని ఎదురెదురుగా అద్దితే చేప ఒళ్ళయింది, గళ్ళు పొలుసులయ్యాయి. తోకలకి చిన్న ముక్కలు. అరటి పసరు బట్టకంటితే మరక పోదని విన్నాను గానీ, పూట గడిస్తే తప్ప రంగు తేలదని నాకేం తెలుసు?

హారతి వేళ్ళు కూడా అదే రంగు. నిమ్మచెక్కతో రుద్దాను, కిరసనాయిలు పెట్టి తుడిచాను. పోలేదు. మురికి చేతులని బళ్ళో ఏమైనా అంటారేమోనని, "చేతులు వెనక్కి పెట్టుకో," అని మరీ మరీ చెప్పి తీసుకెళ్ళాను.

సత్యకుమారి గారు చార్టు బల్ల మీద పరిచి ఒక్కో చేప మీదుగా వేలు పోనిచ్చారు.

"ఇవేంటి హారతీ?"

పిల్ల నేల చూపులు చూసింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. అంతలో మెల్లగా గొంతు వచ్చింది.

"అది శీలావతి. ఇది బొచ్చె. ఇది జెల్ల, ముట్టుకోకూడదు టీచర్, ముల్లు గుచ్చుద్ది."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా భీమవరం తాత. ఇది తాత చెరువు."

పిల్ల మూడు నెలలుగా ఏ ఊళ్ళో ఉండిపోయిందో నాకప్పుడు తెలిసింది.

టీచర్ గారు నావైపు తిరిగారు. "నిజం చెప్పండి. మీరేమైనా చెయ్యి వేశారా?"

నేను నోరు తెరిచేలోగా హారతి వెనక దాచుకున్న చేతులు ముందుకి చాపింది. పది వేళ్ళూ గోధుమ రంగు. ఆవిడ ఆ వేళ్ళు చూసి, నా చేతులు తిప్పి చూసి, పకపకా నవ్వారు.

"మీ చేతులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మా పుట్టింటివాళ్ళదీ అరటితోటేనండీ, ఈ కర ఇప్పట్లో వదలదు. హెడ్‌మిస్ట్రెస్ గారికి చార్టూ చూపిస్తాను, ఈ చేతులూ చూపిస్తాను. పైక్లాసుకి పుస్తకాలు కొనుక్కోండి."

బయటికొచ్చాక కొళాయి దగ్గర ఆగి మొహం కడుక్కున్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఎవరికీ తెలియకూడదని. ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. తిన్నగా తోటకే నడిచాను.

"ఏవైందే?" మా అత్తగారు కత్తి ఆపారు.

"పైక్లాసుకి పంపుతారంటత్తయ్యా."

"మరి నువ్వేంటి మళ్ళీ ఇటొచ్చావు? పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

"వెలిగిస్తాలెండి," అని, గెలల మీద కప్పడానికని గట్టు మీద ఆరేసిన మామగారి పాత పంచె తెచ్చి పరిచాను. మట్ట ముక్క ఒకటి ఏరుకున్నాను. చల్లగా, జిగురుగా ఉంది. ఒకసారి అద్దాను. పక్కన ఇంకొకటి.

"ఏం వేస్తున్నావే?"

"నాకూ తెలీదండీ."

పంచె మీద ఏమీ కనపడలేదు. మూడోది అద్దాను.