పదకొండు రోజుల పొరపాటు

నేను ఒక చెక్క పెట్టెను. పాత హార్మోనియమంత ఉంటాను. ముందువైపు చిన్న అద్దపు కిటికీ, దాని కింద మూడు ఇత్తడి మీటలు, పక్కన ఒక ఆకుపచ్చ బల్బు. కిటికీలో ప్రశ్న కనబడుతుంది. సరైన మీట నొక్కితే బల్బు వెలిగి, లోపలి కాగితపు చుట్ట తిరిగి, తర్వాతి ప్రశ్న వస్తుంది. నాకు తెలిసిన విద్య అంతే. చదువు రాని పిల్లలకు చదవడం నేర్పడానికి నన్ను చేశారు. ఇప్పుడు కాకినాడలో ఒక ఫౌండేషన్ వారి సామాన్ల గదిలో, కాళ్లు విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్నాను. నాకు కోపంగా ఉంది. చెక్కకు కోపమేమిటని నవ్వు వస్తే, మొత్తం విన్నాక నవ్వండి.

నన్ను 1969లో పేరయ్య అనే వడ్రంగి చేశాడు. చేయించింది వేమవరపు హైమవతి గారు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. మనిషి ఒక పని మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తాడు, ఎందుకు మానేస్తాడు అన్నది ఆవిడ జీవితమంతా చదివిన చదువు. నా బొమ్మ ఆవిడే నోటుపుస్తకంలో గీశారు. ఆ బొమ్మలో ఒక బజర్ ఉంది. తప్పు మీట నొక్కితే అది మోగాలి. పేరయ్య నా కుడిపక్క తొలిచి, కాలింగ్ బెల్లుకు వాడే బజర్ ఒకటి బిగించాడు. ఆ సంగతి దాచను. పదకొండు రోజులు నేను పిల్లల మీద అరిచాను.

మునిసిపల్ బడి నుంచి వచ్చిన పిల్లల్లో పలివెల సత్యవేణి అని ఎనిమిదేళ్ల పిల్ల ఉండేది. తండ్రి పోర్టులో బస్తాలు మోసేవాడు. బళ్లో ఆ పిల్లను మొద్దు అనేవారు, వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టేవారు. మొదటిరోజు నా మీద ఆరుసార్లు తప్పు నొక్కింది, ఆరుసార్లూ నేను అరిచాను. పదకొండో రోజు వచ్చి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అరగంట గడిచినా కదల్లేదు.

హైమవతి గారు పక్కన కూర్చుని అడిగారు. "ఏమ్మా, నొక్కట్లేదేం?"

"నొక్కకపోతే అరవదు కదండి."

ఆవిడ వెంటనే పేరయ్యను పిలిపించారు. అతను బజర్ ఊడదీసి, ఆ చిల్లును టేకుముక్కతో పూడ్చి, చిత్రిక పట్టాడు. ఆవిడ నా మీదే నోటుపుస్తకం ఆనించి రాసుకున్నారు: "బజర్ ఈ పిల్లకు చదువు నేర్పలేదు. చెయ్యి దాచుకోవడం నేర్పింది. ఆ పాఠం చెప్పింది నేను. తప్పు పిల్లది కాదు, నాది. ఈరోజు బజర్ తీయించాను. ఇక పెట్టను."

బజర్ పోయాక సత్యవేణి ఎనిమిది నెలల్లో చదవడం నేర్చుకుంది. తప్పు నొక్కితే నేను ఊరుకునేదాన్ని. ఆ పిల్ల నా కిటికీలోకి తొంగిచూసి, ఇంకో మీట నొక్కేది. బల్బు వెలిగితే నవ్వేది. ఆమె తర్వాత ఎందరో వచ్చారు. హైమవతి గారి పుస్తకాలన్నీ ఆ పదకొండో రోజు నుంచి పుట్టినవే. శిక్షతో పిల్ల మారదు, దాక్కుంటుంది అని ఊరూరా తిరిగి చెప్పారు. బతికున్నన్నాళ్లూ ఆవిడ మాట విన్నవాళ్లు తక్కువ. 1988లో పోయాక ఫోటోకు దండ వేయడానికి మాత్రం గేటు దాకా వరస కట్టారు. మనుషులకు పెద్దవాళ్ల మీద గౌరవం, వాళ్లు తిరిగి మాట్లాడలేనప్పుడు బాగా పొంగుతుంది.

మరుసటి ఏడు ఆవిడ శిష్యులు ఆవిడ ఇంట్లోనే రెండు గదులు తీసుకుని ఫౌండేషన్ పెట్టారు. కాగితాలు చూసుకోవడానికి సత్యవేణి వచ్చింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. నలభై ఒక్క నోటుపుస్తకాలను ఎండలో ఆరబెట్టి, వేపాకు వేసి, పురుగు తిన్న పేజీలకు పల్చటి కాగితం అంటించింది. పంతుళ్లు వస్తే నన్ను బల్లమీద పెట్టి చూపించేది. ముప్పై మూడేళ్లు ఆ పని చేసింది. ఫౌండేషన్ అంటే బోర్డు మీద పేర్లని మీరనుకుంటారు. నేను చూసిన ఫౌండేషన్ జిగురంటిన ఆవిడ వేళ్లు.

పాత ట్రస్టీలు ఒక్కొక్కరే వెళ్లిపోయాక ఫణిభూషణ్ చైర్మన్ అయ్యాడు. హైమవతి గారి మేనల్లుడు. అత్తయ్య ఉండగా ఆ ఇంటి మెట్లెక్కడం నేను చూడలేదు. హాస్టల్ బళ్ల కోసం అతను 'హైమవతి క్రమశిక్షణ కిట్' అని ఒక ప్లాస్టిక్ పెట్టె తయారు చేయించాడు. తప్పు నొక్కితే అది మోగుతుంది, మోగితే పిల్ల లేచి నిలబడాలి. దానికి ఆవిడ పేరొక్కటీ చాలదనిపించింది, ఆవిడ పెట్టె కూడా కావలసి వచ్చింది. శతజయంతి ముందురోజు ఒక ఎలక్ట్రీషియన్ డ్రిల్లుతో వచ్చి, పేరయ్య పూడ్చిన చోటే మళ్లీ తొలిచాడు. ఈసారి బజర్ మూడు వీధుల అవతలికి వినబడేది.

పొద్దున్నే వచ్చిన సత్యవేణి నా చుట్టూ రాలిన పొట్టు చూసింది.

"ఏంటండి ఇది? ఎవరు తొలిచారండి దీన్ని?"

"ఒరిజినల్ డిజైన్ అమ్మా అది," అన్నాడు ఫణిభూషణ్. "మా అత్తయ్య స్వయంగా గీసిన బొమ్మే. ఏడో నోట్‌బుక్‌లో ఉంది. నేను సొంతంగా ఏం కలపలేదు."

"గీశారండి. పదకొండు రోజులకి తీయించేశారు కూడానండి. దాని వెనకే రాశారు. ఆ పేజీ చూడలేదాండి?"

"చూశాను. అన్ని పేజీలూ జనానికి చూపించక్కర్లేదు."

అబద్ధం చెప్పి ఉంటే నాకింత మండేది కాదు. అతను నిజంలో సగం కోసి, ఆ ముక్కకు ఆవిడ పేరు పెట్టాడు. ఆవిడ పంతొమ్మిదేళ్లు నిలబడి సరిదిద్దుకున్న తప్పును తీసుకొచ్చి, ఇదే ఆవిడ వారసత్వం అన్నాడు.

ఆ మధ్యాహ్నం టౌన్‌హాలు నిండిపోయింది. నన్ను వేదికమీద పెట్టారు. ఏదో హాస్టల్ నుంచి జోషిత అనే చిన్నపిల్లను తెచ్చి నా ముందు నిలబెట్టారు. అంతమందిని చూసి బిక్కచచ్చిపోయిన పిల్ల తప్పు మీట నొక్కింది. నేను అరిచాను. నా ఇష్టం లేకుండా, నా లోపలి నుంచి ఆ మోత వచ్చింది. హాలంతా నవ్వింది. ఆ పిల్ల రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది.

"నొక్కమ్మా," అన్నాడు ఫణిభూషణ్. పిల్ల కదల్లేదు. అతను మైకు అందుకున్నాడు. "చూశారా! ఒక్క మోతకే ఎంత బుద్ధిగా నిలబడిందో. ఇదండీ క్రమశిక్షణ!"

చప్పట్లు కొట్టారు. చదువుకున్నవాళ్లు, పిల్లల్ని కన్నవాళ్లు, చేతులు నొప్పిపుట్టేలా కొట్టారు.

మూడో వరసలోంచి సత్యవేణి లేచింది. అరవై ఒక్కేళ్ల మనిషి, చేతిలో ఫైలుతో మెట్లెక్కి, నా పక్కనుంచి బయటికొచ్చిన బజర్ తీగను గుంజి తెంపేసింది. ఫైలు తెరిచి ఆ పేజీ చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికే మైకు కట్టేశారు. ముందు వరసలవాళ్లకు వినబడింది. వెనకవాళ్లు ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు.

"సత్యవేణి గారూ, దిగండి. మర్యాదగా ఉండదు," అన్నాడు ఫణిభూషణ్ పళ్లు బిగించి.

"నేను మొద్దునండి. పదకొండు రోజులు ఈ పెట్టె ముందు వణికిన మొద్దుని. ఆవిడ నన్ను చూసే బజర్ తీయించారు. మీరు దీన్ని చూపించి పిల్లల్ని వణికిస్తానంటే నేనెందుకు దిగుతానండి?"

ఆవిడ ఇక అతనివైపు చూడలేదు. పిల్ల దగ్గర మోకాళ్లమీద కూర్చుంది.

"ఇప్పుడు నొక్కితే అరుస్తదాండి?" అని అడిగింది జోషిత.

"అరవదమ్మా. నీకు నచ్చింది నొక్కు."

పిల్ల నొక్కింది. తప్పే. నేను ఊరుకున్నాను. నా కిటికీలోకి తొంగిచూసి, కాసేపు ఆలోచించి, ఇంకోటి నొక్కింది. బల్బు వెలిగింది. అప్పటికే వేదిక వెనక ఎవరో తెర లాగేస్తున్నారు. ఆ వెలుగు చూసింది మేం ముగ్గురమే.

మర్నాడు సత్యవేణికి ఒక ఉత్తరం అందింది. ఆవిడ సేవలు ఇక అక్కర్లేదట. నన్ను ఈ గదిలోకి తోశారు. కిట్టు అట్టమీద వేసుకోవడానికి నా ఫోటో ఉంది కదా, నాతో పనేముంది? పక్కగదిలోనే కిట్లు కడతారు. ప్రతిదాన్నీ ఒకసారి మోగించి చూస్తారు. మోగితే మంచిదని చీటీ అంటిస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పేరున, హైమవతి గారి పేరున అవి అరుస్తూనే ఉంటాయి. తెగిన తీగ తప్ప నా దగ్గర ఏమీ లేదు.

అయితే నిన్న తలుపు తెరుచుకుంది. ఇద్దరు పనివాళ్లు ఒక అట్టపెట్టె నిండా కిట్లు తెచ్చి నా పక్కన పడేశారు.

"వెనక్కొచ్చాయేంటిరా?" అన్నాడొకడు.

"ఆ సత్యవేణమ్మ హాస్టల్ హాస్టల్‌కీ తిరుగుతుందంట. ఏదో పేజీ జిరాక్స్ చేయించి, అమ్మానాన్నల చేతుల్లో పెడతందంట. రెండు హాస్టళ్లవాళ్లు వద్దని పంపేశారు. చైర్మన్ గారు తెగ తిడతన్నారు."

వాళ్లు తలుపు వేసుకుని వెళ్లారు. ఆ కిట్లు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. నా కోపం తగ్గలేదు, తగ్గనివ్వను కూడా. పక్కగదిలో ఇంకా మోగుతున్నాయి. కానీ ఈ గది చాలా పెద్దది. అవన్నీ వచ్చినా చోటు మిగులుతుంది.