నురగ పూసిన బుడగ

అక్క ఎడమ కన్ను వాచి వంకాయ రంగుకు తిరిగిందని తెలియగానే, తమ్ముడు బస్సును డిపోలో వదిలేసి యూనిఫాం కూడా విప్పకుండా బావ సెలూన్‌లోకి దూసుకొచ్చాడు. తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ కొట్టే మనిషి కనక నోటితోనూ అదే పని చేస్తాడు.

“బావా! మా అక్క కంటికేమైంది?”

“నేనే కొట్టాన్రా,” అన్నాడు బావ, కస్టమరు మెడ వెనక జుట్టు సరిచేస్తూ. “కల్లో.”

“కల్లో కొడితే నిజంగా వాస్తుందా?”

“నాకు కల్లోనే. దానికి కంట్లో.”

బావని వీధంతా నిదానం అంటుంది. ఆ పేరు పెట్టింది తొందరపడే కస్టమర్లు. గడ్డం గీయించుకుని లేచేసరికి మళ్ళీ మొలుస్తుందని వాళ్ళ ఎగతాళి. అయినా ఇంకో షాపుకు పోరు. ఆ కత్తి కింద ఇన్నేళ్ళలో ఒక్క గొంతుకీ గాటు పడలేదు. అంతటి నిదానం, కన్ను మూతపడితే మాత్రం తుఫాను. కలలో కుక్క తరుముతుంది, ఈయన తంతాడు. కుక్క కలలోది, కాలు నిజంది, మధ్యలో నడుం భార్యది. పాపం ఆవిడ మంచం మధ్య దిళ్ళతో గోడ కట్టింది. ఈయన గోడ దూకి మరీ కొట్టాడు.

ఆవిడ తక్కువదేం కాదు. షాపు వెనక గదిలో తువ్వాళ్ళనీ, ముందు గదిలో మొగుణ్ణీ ఉతికి ఆరేసే మనిషి. “నువ్వు హారన్ ఆపు ముందు,” అని తమ్ముణ్ణి పక్కకు తోసి, ఆ వారమే మొగుణ్ణి నిద్ర డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ ఒళ్ళంతా తీగలు అంటించి పడుకోబెట్టి పరీక్ష చేసింది. తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగింది. “వాసనలు బాగా తెలుస్తున్నాయా?”

“తెలుస్తున్నాయండీ,” అన్నాడు నిదానం.

“ఎక్కడ తెలుస్తున్నాయి? కస్టమరుకి సగం సీసా లోషన్ దిమ్మరిస్తున్నాడు. ఆ కస్టమరు నడిచెళ్తుంటే వెనక కుక్కలు తుమ్ముతున్నాయి,” అంది భార్య.

డాక్టరమ్మ నవ్వలేదు. అప్పుడు భయమేసింది ఇద్దరికీ.

“కల వచ్చేటప్పుడు మెదడు మన కాళ్ళకీ చేతులకీ తాళం వేస్తుందండీ. కల్లో పరిగెత్తినా మంచం మీదే ఉంటాం. మీకు ఆ తాళం పాడైంది.”

“కొత్తది వేయించండి.”

“మాత్ర ఇస్తాను, తన్నులు తగ్గుతాయి. మంచం చుట్టూ గట్టి వస్తువులు ఉంచకండి. కానీ ఒక మాట దాచకూడదు. ఈ తాళం పాడైనవాళ్ళలో, అందులోనూ వాసన తగ్గినవాళ్ళలో చాలామందికి, ఏళ్ళు గడిచాక, చేతులు వణికే జబ్బో, ఒళ్ళు బిగుసుకుపోవడమో, మతిమరుపో రావడం చూస్తున్నాం. మీకు రావచ్చు, రాకపోవచ్చు. ఎప్పుడన్నది చెప్పలేం.”

“రాకుండా మందు?”

“ఇప్పటికైతే లేదు.”

బయటికొచ్చాక నిదానం మెట్ల మీదే ఆగిపోయాడు. “అయితే ఈ తాళం పోయాక ఆ తాళం మొదలవుతుందన్నమాట,” అని గాల్లో వేళ్ళతో దరువేసి చూపించాడు. భార్య ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

మాత్రలు పనిచేశాయి. కుక్క అప్పుడప్పుడు మాత్రమే వస్తోంది. తన్నులు తగ్గాయి గానీ తన్నుకులాట పెరిగింది. సెలూన్ అంటే కుర్చీ ముందో అద్దం, వెనకో అద్దం. చెయ్యెత్తితే చేతుల వరుస, ఒకదాని వెనక ఒకటి, చూపు ఆనినంత దూరం. ఇదివరకు అందులో కస్టమరు మొహం చూసేవాడు. ఇప్పుడు ఏ చెయ్యి ముందు వణుకుతుందా అని కాపలా కాస్తున్నాడు. టీ గ్లాసు పట్టుకున్నా అదే కాపలా, షట్టరు ఎత్తినా అదే. జైలు కట్టిందీ ఆయనే, ఖైదీ ఆయనే, సెంట్రీ కూడా ఆయనే. ముగ్గురికీ సెలవు లేదు.

ఆఖరికి తన పనిలోంచే ఒక పరీక్ష లాగాడు. కత్తి పట్టడం నేర్చుకునేవాళ్ళకి మొదట మనిషి గడ్డం ఇవ్వరు. గాలి ఊదిన రబ్బరు బుడగకి నురగ పూసి గీయమంటారు. పగిలితే ఆ రోజుకి కత్తి ముట్టుకోకూడదు. జుట్టు నెరిసిన నిదానం మళ్ళీ బుడగ దగ్గరికొచ్చాడు. రోజూ షాపు తెరవగానే ఒక బుడగ గీస్తాడు. పగలకపోతే ఆ రోజు కత్తి. పగిలితే కత్తెరా, మిషనూ.

“నేనే ఊదుకుంటే నాకు నేనే మార్కులేసుకున్నట్టు. నువ్వు ఊదవే,” అన్నాడు భార్యతో.

ఆవిడ ఊదుతూ వచ్చింది. ఒక్క బుడగా పగల్లేదు. గీసి గీసి నున్నగా వచ్చిన బుడగని నిదానం ముద్దుగా తట్టి, కత్తి తుడిచి, “రండి, ఎవరి మెడ ముందు?” అని పిలిచేవాడు. రోజులో ఆయన నోరారా పిలిచేది ఆ ఒక్కసారే.

వానలు పట్టాయి. ఆవిడకి జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. ఆ ఉదయం గడ్డం గీయించుకుందామని కుర్చీలో చేరగిలబడిన తమ్ముడు, “బుడగేనా? ఇలా పడెయ్ బావా,” అని అందుకుని బుగ్గలు ఉబ్బించి ఊదాడు. బస్సు టైరుకి గాలి కొట్టినట్టు ఊదాడు. బుడగ బిగుసుకుని, అవతలి గోడ కనిపించేంత పల్చబడింది.

“అంత వద్దురా!” అంది అక్క, లేని గొంతుతో.

నిదానం నురగ పూశాడు. కత్తి ఆనించాడు. ఒక్క గీత.

ఢాం!

నురగ అద్దాల మీద, తమ్ముడి కనుబొమల మీద, గోడ గడియారం మీద.

నిదానం కింద పడిన రబ్బరు ముక్క తీసి వేళ్ళ మధ్య సాగదీశాడు. భార్య వైపు తిరిగాడు. “నువ్వెప్పుడూ ఇంత ఊదలేదే?”

ఆవిడ తువ్వాలు మడత పెట్టడం మొదలెట్టింది. మడిచినదే మళ్ళీ మడిచింది.

“మొదట్లో గట్టిగానే ఊదానయ్యా. పగల్లేదు. మర్నాడు ఊదుతుంటే, ఇది నా చేతుల్లోనే పగుల్తుందేమో అనిపించింది. కొంచెం వదిలాను. ఆ తర్వాత ఇంకొంచెం.”

“మెత్తటి బుడగని పసిపిల్లాడైనా గీస్తాడు.”

“నువ్వు నవ్వుతూ షాపు తెరిచేవాడివి. అది చాలనుకున్నా.”

“ఏళ్ళ తరబడి గొంతులు చూసిన చెయ్యే ఇది. నాకు అబద్ధపు మార్కులెందుకే?”

తమ్ముడికి గొడవంతా తనవల్లే అనిపించింది. “అరె, నేనే ఎక్కువ ఊదాను బావా! అంత బిగిస్తే ఎవడి చేతిలోనైనా పగుల్తుంది. ఇంకోటి గీసి చూడు.”

ఇంకోటి ఊదారు. ఈసారి అక్కే ఊదింది, దగ్గుతూ, నిండా. నిదానం ఊపిరి బిగబట్టి గీశాడు. పైనుంచి కిందికి, పక్కలకి, ముడి చుట్టూ. నురగ పోయింది, బుడగ మిగిలింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. “చూశావా!”

చూశాడు. ఒకటి పగిలింది, ఒకటి పగల్లేదు. రావచ్చు, రాకపోవచ్చు. డాక్టరమ్మ చెప్పిన మాటే రబ్బరు కూడా చెప్పింది, ఫీజు లేకుండా.

“ఇక కానీ బావా, నాకు డ్యూటీ టైమైంది,” అని తమ్ముడు తల వెనక్కి వాల్చి గొంతు చాపాడు.

నిదానం వాడి గొంతుకి నురగ పూశాడు. కత్తి తెరిచి దగ్గరికి తెచ్చాడు. అలవాటుగా అద్దంలోకి చూశాడు. వరుసగా చేతులు. ఒక్కటీ కదలడం లేదు, మంచులో గడ్డకట్టినట్టున్నాయి. వాటి కింద ఇంకో వరుస కనిపించింది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్న తమ్ముడి వేళ్ళు. కణుపులు తెల్లబడ్డాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. హారన్ ఆగిపోయింది. వణుకుతున్నవి ఆ వేళ్ళు.

నిదానం కాసేపు ఆ రెండు వరుసల్నీ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కత్తి మడిచాడు.

“ఏంటి బావా? నేనేం భయపడలేదు!”

“తెలుసురా. మిషన్‌తో కానిస్తా. నీకు టైమైందన్నావుగా.”

మిషన్ రొద పెడుతుంటే తమ్ముడు బుద్ధిగా కూర్చున్నాడు. దిగుతూ, బావ మొహం చూడలేక బుడగ మొహం చూసి, గొడుగు మర్చిపోయి వానలోకి పరిగెత్తాడు.

భార్య ఆ బుడగని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. పగలగొట్టడానికి మనసు రాలేదు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి కత్తి పక్కనే అలమరలో పెట్టింది. లోపలి గాలికి బయటికి దారి లేదు.

“రేపు ఊదనా?” అంది.

“ఊదు.”

“కత్తి మడిచేశావుగా?”

“కత్తి మడిచింది కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసం,” అన్నాడు నిదానం, గడియారం మీది నురగ తుడుస్తూ. “బుడగ నాకోసం. నిండా ఊదు.”